ఇంజను తిరుగుతుండగా చూడాల్సిన ఆయిలు

“తాతయ్యా, పొద్దున్న కారు తీయకముందే బానెట్ ఎత్తి రెండు డిప్‌స్టిక్కులూ లాగి చూశాను. ఇంజన్ ఆయిలు సరిగ్గానే ఉంది. గేరుబాక్సు ఆయిలు మాత్రం పై గీత దాటిపోయింది. కొంచెం తోడించేయనా?”

వద్దు తల్లీ. చుక్క కూడా తీయించకు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక నేను చెప్పినట్టు మళ్లీ చూడు. అదే ఆయిలు రెండు గీతల మధ్యకి దిగి కనపడే అవకాశమే ఎక్కువ. పొద్దున చూసింది నమ్మి లీటరు తోడించావంటే బాగున్న గేరుబాక్సుని చేజేతులా పాడుచేసుకున్నట్టవుతుంది.

డల్లస్‌లో చదువుకునే మన పిల్లలు చాలామంది నీలాగే సీనియర్ల దగ్గర పాత కొరోలానో కామ్రీనో కొనుక్కుని, చదువయ్యాక జూనియర్లకి అమ్మేస్తుంటారు. నీది టయోటా కొరోలా 2004 మోడల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. గేరుబాక్సుకి కూడా డిప్‌స్టిక్ ఉన్న తరం అది. ఆ తరవాత వచ్చిన చాలా కార్లలో ఆ సౌకర్యమే తీసేశారు. ఉన్నదాన్ని సరిగ్గా వాడుకోవడం నేర్చుకో.

ఇంజన్ ఆయిలు చూడటం మీ నాన్న నీకు నేర్పాడు. బండి ఆపాలి, ఐదు నిమిషాలు ఆగాలి, పైకి చేరిన ఆయిలంతా కిందికి దిగాక చూడాలి. గేరుబాక్సు ఆయిలుకి ఈ పద్ధతి మొత్తం తిరగబడుతుంది. బండి కాసేపు తిరిగి వేడెక్కి ఉండాలి. ఇంజను ఆపనే కూడదు. ఎందుకో తెలిస్తే వరస దానంతటదే గుర్తుంటుంది. అందుకని ముందు లోపల ఏం జరుగుతోందో చెబుతాను, చేతిపని తరవాత.

మామూలు గేరు బండిలో ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. కాలితో తొక్కితే విడిపోతుంది, వదిలితే అతుక్కుంటుంది. నీ కారులో ఆ చోట టార్క్ కన్వర్టర్ ఉంది. అదొక గుండ్రటి ఉక్కు డొల్ల, నిండా ఆయిలు. లోపల రెక్కల చక్రాలు మూడు. ఇంజనుతో కలిసి తిరిగే చక్రం ఆయిలుని బయటి అంచుకి విసురుతుంది. విసురుగా వచ్చిన ఆ ఆయిలు ఎదుటి చక్రం రెక్కలకి తగిలి దాన్ని తిప్పుతుంది. ఆ రెండో చక్రం ఇరుసే గేరుబాక్సులోకి వెళుతుంది. మధ్యలో ఉన్న చిన్న చక్రం, పని చేసి తిరిగొచ్చే ఆయిలుని దారి మళ్లించి మొదటి చక్రానికి సాయపడే దిక్కుగా పంపుతుంది. అందుకే బండి కదిలే క్షణంలో ఇంజను ఇచ్చిన మెలిబలం దాదాపు రెట్టింపై లోపలికి చేరుతుంది. సిగ్నల్ దగ్గర డీలోనే ఉంచి బ్రేకు తొక్కి నిలబడ్డా ఇంజను ఆగిపోదు. మధ్యలో ఉన్నది ఆయిలే కదా, ఒక చక్రం తిరుగుతూ రెండోది నిలబడి ఉండొచ్చు.

దీన్ని కారు కోసం కనిపెట్టలేదు. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు స్టెటిన్ రేవులోని ఓడల కర్మాగారంలో పనిచేసేవాడు. ఆవిరి టర్బైను అతి వేగంగా తిరుగుతుంది, ఓడ ప్రొపెల్లరు నెమ్మదిగా తిరగాలి. ఆ రెంటికీ పొంతన కుదర్చడానికి ఆయన ఆయిలు ద్వారా బలం పంపే ఈ ఏర్పాటు ఆలోచించి 1905లో పేటెంటు తీసుకున్నాడు. పూర్తి ఆటోమేటిక్ కార్లకి వచ్చేసరికి ముప్ఫై ఏళ్లు దాటింది. 1939లో జనరల్ మోటార్స్ సంస్థ, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకి హైడ్రామాటిక్ అనే పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టింది. అందులో రెండు చక్రాల సాదా రకమే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తేలిక ట్యాంకులు కొన్ని ఆ గేరుబాక్సుతోనే నడిచాయి. మెలిబలం పెంచే టార్క్ కన్వర్టరు అమెరికా కార్లలో బ్యూక్ వాళ్ల డైనాఫ్లోతో 1948 మోడల్‌లో వచ్చింది.

కన్వర్టరు దాటితే అసలు గేరుబాక్సు. అక్కడ పళ్ల చక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. ఏ గేరు పనిచేయాలో తేల్చేవి క్లచ్ బిళ్లల దొంతరలు. ఒక ఉక్కు బిళ్ల, దాని మీద కాగితపు పీచుతో చేసిన రాపిడి పూత ఉన్న బిళ్ల, మళ్లీ ఉక్కు బిళ్ల, ఇలా పేర్చి ఉంటాయి. దొంతర వెనకున్న పిస్టన్ మీద ఆయిలు పీడనం పడితే బిళ్లలు బిగుసుకుని గేరు పడుతుంది. పీడనం తీసేస్తే వదులవుతాయి. ఆ పీడనాన్ని పుట్టించే పంపు కన్వర్టరుతో కలిసి తిరుగుతుంది. కాబట్టి ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకో, కాసేపట్లో దీంతో పనుంది.

“అంటే గేర్లు మార్చేది ఆయిలేనా?”

ఆయిలే తల్లీ. కన్వర్టరులో బలం మోసేది అదే, క్లచ్ దొంతరల్ని నొక్కేది అదే, బేరింగుల్ని తడిపి ఉంచేది అదే, లోపలి వేడిని తీసుకుపోయి రేడియేటర్‌లో వదిలేది అదే. ఇంజన్ ఆయిలుకి ఇన్ని పనులు లేవు. వీటన్నిట్లోనూ నొక్కే పని చాలా సున్నితమైనది.

మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని మూలలకీ సమానంగా చేరుతుందని పాస్కల్ సూత్రం చదువుకున్నావు. ద్రవం కుదించుకుపోదు కాబట్టే అది అంత చురుగ్గా పనిచేస్తుంది. ఇలాంటి ఆయిలుని నూటికి ఒక వంతు కుదించాలంటే సుమారు 150 వాతావరణాల పీడనం కావాలి. గాలిని సగానికి సగం కుదించడానికి పీడనాన్ని రెట్టింపు చేస్తే చాలు. అది బాయిల్ 1662లో ప్రకటించిన లెక్క. గేరుబాక్సులో పీడనం నాలుగైదు వాతావరణాల దగ్గర మొదలై, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు పదిహేను పైకి పోతుంది. ఆయిల్లో గాలి బుడగలు కలిశాయనుకో, పంపు పడే కష్టం ముందు బుడగల్ని అణచడానికే ఖర్చయిపోతుంది. క్లచ్ దొంతర ఆలస్యంగా, అరకొరగా బిగుస్తుంది. అరకొరగా బిగిస్తే బిళ్లలు జారతాయి, జారితే వేడి పుడుతుంది, ఆ వేడికి పూత మాడిపోతుంది.

ఇప్పుడు చూడు, ఆయిలు తక్కువైతే ఏమవుతుంది? అడుగు తొట్టిలో పంపు పీల్చే వడపోత మూతి, మలుపులోనో గట్టి బ్రేకులోనో బయటపడి గాలి పీలుస్తుంది. ఎక్కువైతే? తొట్టిలో ఉండాల్సిన మట్టం పైకొచ్చి, తిరిగే డ్రమ్ముల్నీ పళ్ల చక్రాల్నీ తాకుతుంది. కుండ నిండుగా పెరుగు పోసి కవ్వం తిప్పితే ఎలా నురగ పొంగుతుందో అక్కడా అంతే. ఆ నురగని పంపు పీలుస్తుంది. పైనున్న గాలి గొట్టంలోంచి బయటికి చిమ్మడం కూడా ఉంటుంది. కాలే ఎగ్జాస్ట్ గొట్టం మీద పడితే పొగ వస్తుంది, ఒక్కోసారి నిప్పూ అంటుకుంటుంది. లోటుకీ, మించిపోయినదానికీ రోగం ఒకటే, ఆయిల్లోకి గాలి రావడం. మన ఇళ్లల్లో ఏదైనా పోసేటప్పుడు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదనుకుంటాం. ఇక్కడ ఆ అలవాటు అస్సలు పనికిరాదు.

అంత సరిగ్గా ఉండాల్సిన మట్టం ఒకచోట నిలకడగా ఉండదు, అదే చిక్కు. మొదటి కారణం వేడి. ఈ ఆయిలు ప్రతి సెల్సియస్ డిగ్రీకీ తన పరిమాణంలో పదివేలలో ఏడెనిమిది వంతులు పెరుగుతుంది. వినడానికి ఎంతో చిన్నది. లెక్క వేద్దాం. గేరుబాక్సులో ఏడు లీటర్లు ఉందనుకో. పొద్దున 25 డిగ్రీలు, బండి తిరిగాక 75. యాభై డిగ్రీల తేడాకి పెరిగేది దాదాపు పావు లీటరు. ఆ పావు లీటరు ఎక్కడికి పోతుంది? కన్వర్టరు డొల్ల ముందే నిండి ఉంది. కూలర్ గొట్టాలు, సన్నటి దారులు, పిస్టన్ గదులు అన్నీ నిండే ఉన్నాయి. వాటిలో చోటు లేదు. ఏడు లీటర్లలో పెరిగిన పెరుగుదలంతా వచ్చి, రెండు మూడు లీటర్లు పట్టే అడుగు తొట్టిలోనే చేరుతుంది. డిప్‌స్టిక్ కొలిచేది ఆ తొట్టి మట్టాన్నే. చాలా కార్లలో వేడి గీతల మధ్య దూరం మొత్తం అర లీటరుకి అటూ ఇటూ ఉంటుంది. అంటే చల్లటి ఆయిలుని వేడి గీతలతో పోల్చి చూస్తే, కొలతలో సగం మేర పొరపాటు అక్కడే వచ్చేస్తుంది. ఇంజన్ ఆయిలు డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య లీటరు దాకా పడుతుంది కాబట్టి అక్కడ ఈ బాధ అంతగా తెలియదు.

రెండో కారణం పంపు. ఇంజను తిరుగుతున్నంత సేపూ పంపు తొట్టిలోంచి ఆయిలు తీసి పై భాగాలన్నిటికీ అందిస్తూ ఉంటుంది. ఇంజను ఆపేశావా, పైనున్నది నెమ్మదిగా కిందికి జారి తొట్టిలో చేరుతుంది. రాత్రంతా నిలబడిన కారులో మరీను. నువ్వు పొద్దున చూసింది అలా పైనుంచి దిగివచ్చిన ఆయిలు. చల్లగా ఉండి మట్టం తగ్గాల్సింది, పంపు ఆగి ఉండటంతో పై గీత దాటింది. రెండు తప్పులు చెరో వైపు లాగితే వచ్చిన అంకెకి అర్థం ఏముంటుంది?

“మరి డిప్‌స్టిక్ మీద కోల్డ్ అని కూడా గీతలున్నాయే?”

మంచి ప్రశ్న. ఉన్నాయి. అవి ఆయిలు 20, 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. ఆయిలు మార్చిన రోజున మొదట ఎంత పోయాలో ఉజ్జాయింపుగా చూసుకోవడానికి పెట్టారు. అప్పుడు కూడా ఇంజను తిరుగుతూ ఉండాల్సిందే. ఆఖరి మాట చెప్పేది మాత్రం హాట్ గీతలే. టయోటా వాళ్లు ఆ గీతలు 70 నుంచి 80 డిగ్రీల ఆయిలుకి గీశారు. మీ అమెరికా లెక్కలో 158 నుంచి 176 ఫారెన్‌హీట్.

ఆయిలు అంత వేడెక్కిందని థర్మామీటరు లేకుండా ఎలా తెలుస్తుంది? డాష్‌బోర్డు మీద ముల్లు మధ్యకి వచ్చిందని మోసపోకు. అది ఇంజను చుట్టూ తిరిగే నీటి వేడి, గేరుబాక్సుది కాదు. గేరుబాక్సు నింపాదిగా వేడెక్కుతుంది. నిలబెట్టి ఇంజను తిప్పితే చాలదు, రోడ్డు మీద పదిహేను, ఇరవై నిమిషాలు మామూలుగా నడపాలి. అలాగని మీ టెక్సాస్ ఆగస్టు ఎండలో గంటసేపు ట్రాఫిక్‌లో ఈడ్చిన వెంటనే కూడా చూడకు. హైవే మీద చాలాసేపు వేగంగా వచ్చినా అంతే. అప్పుడు ఆయిలు గీతల లెక్కకి మించి వేడెక్కి, మట్టం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అరగంట చల్లారనిచ్చి మళ్లీ ఇంజను వేసి చూడు.

ఇక చేతిపని. చదునైన చోట ఆపు. అపార్టుమెంట్ల పార్కింగులు వాన నీరు పోవడానికి కొంచెం వాలుగా కడతారు, కంటికి తెలియదు. కారు వాలితే తొట్టిలో ఆయిలూ ఒక పక్కకి వాలుతుంది. గ్యారేజీలో తలుపు వేసి ఇంజను తిప్పే పని ఎన్నడూ పెట్టుకోవద్దు. ఎగ్జాస్ట్‌లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు, మనిషిని తెలియకుండానే పడేస్తుంది. బయట ఆరుబయలులోనే చెయ్యి. జడ ముడేసుకో, చున్నీ తీసి లోపల పెట్టు, బానెట్ కింద ఫ్యానూ బెల్టూ తిరుగుతుంటాయి. ఫ్యాను అప్పటిదాకా ఆగి ఉండి ఒక్కసారిగా మొదలవుతుంది కూడా.

హ్యాండ్ బ్రేకు వెయ్యి. ఇంజను నిదానంగా తిరుగుతుండగా బ్రేకు పెడల్ గట్టిగా తొక్కిపట్టి, లీవర్‌ని పీ నుంచి కింది ఎల్ దాకా ఒక్కొక్క చోటా రెండు మూడు సెకన్లు ఆపుతూ తీసుకెళ్లి, మళ్లీ పీ కి తీసుకురా. దీన్ని చాలామంది అనవసరమని వదిలేస్తారు. అనవసరం కాదు. లీవర్ ఒక్కో చోట ఆగినప్పుడు ఒక్కో క్లచ్ పిస్టన్ గదిలోకి ఆయిలు వెళుతుంది, అక్కడి గాలి బయటికి పోతుంది. బండి నడిచేటప్పుడు ఆయిలు ఎక్కడెక్కడ ఉంటుందో అక్కడికంతా చేర్చి, మిగిలినదాన్ని తొట్టిలో కొలుస్తున్నాం అన్నమాట.

ఇంజను ఆపకుండా దిగి, బానెట్ ఎత్తు. ఇంజన్ ఆయిలు డిప్‌స్టిక్ వేరు, ఇది వేరు. ఇలా ఇంజను అడ్డంగా ఉండే కార్లలో ఇది సాధారణంగా బ్యాటరీ వైపు కింద, కాస్త లోతులో ఉంటుంది. పిడి మీదో బద్ద మీదో ఏ ఆయిలు వాడాలో కూడా చాలాసార్లు చెక్కి ఉంటుంది. లాగు, తుడువు, మళ్లీ పూర్తిగా అడుగంటేదాకా దింపు, మళ్లీ లాగి చూడు. తుడిచే గుడ్డ నూలు పోగులు రాలేది కాకూడదు. లోపలి వాల్వులు కదిలే సందులు వెంట్రుక మందం కూడా ఉండవు. ఒక్క పోగు ఇరుక్కుంటే వాల్వు నిలిచిపోగలదు. పోగులు రాలని గట్టి పేపర్ టవల్ మేలు.

చదవడంలో ఓ కిటుకుంది. డిప్‌స్టిక్ గొట్టం పొడుగ్గా, వంకరగా ఉంటుంది. గోడలకి అంటిన ఆయిలు బయటికి లాగేటప్పుడు బద్దకి పూసుకుంటుంది. ఒక పక్క పైదాకా తడి ఉంటుంది, రెండో పక్క తక్కువ. రెండు పక్కలా చూసి తక్కువ ఉన్నదే నమ్ము. అదీ చెదురుమదురు మరకలు కాదు, పొర తెగకుండా నిండుగా ఉన్న చోటే మట్టం. రెండు మూడుసార్లు చేసి అన్నీ ఒకే చోట చూపిస్తేనే అది కొలత. హాట్ గీతల మధ్య ఎక్కడున్నా ఇంకేమీ పోయనక్కర్లేదు. పై గీత అంటేదాకా నింపాలన్న ఆరాటం వద్దు.

కింది గీత కన్నా తగ్గితే పోయాల్సిందే. ఆ డిప్‌స్టిక్ గొట్టంలోంచే, సన్నటి పొడుగాటి గరాటుతో. మీ దగ్గర దుకాణంలో దొరికే సీసా క్వార్ట్, అంటే 946 మిల్లీలీటర్లు. కింది గీత దగ్గర ఉన్నప్పుడు సీసా మొత్తం వంచేస్తే పై గీత దాటేస్తుంది. నూరు, నూటయాభై మిల్లీలీటర్ల చొప్పున పోసి, లీవర్ మళ్లీ ఒక చుట్టు తిప్పి, రెండు నిమిషాలాగి చూడు. పోయడం సులువు, తీయడం కష్టం.

ఏ ఆయిలైనా పోస్తే సరిపోదు. దీనికి మాత్రం పంతం పట్టు. నీ కొరోలాకి టయోటా టైప్ టీ-4 రకం. ఆ తరవాతి కార్లకి డబ్ల్యూఎస్ అనే పల్చటి రకం వచ్చింది, ఒకదాని బదులు ఒకటి పొయ్యకూడదు. చిక్కదనం ఒక్కటే తేడా కాదు. క్లచ్ బిళ్లలు ఆయిల్లో మునిగి ఉండగానే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. పట్టు మరీ చటుక్కున పడితే గేరు మారినప్పుడు కుదుపు వస్తుంది, మరీ మెల్లగా పడితే జారతాయి. ఎంత పట్టు ఉండాలో నిర్ణయించేవి ఆయిల్లో కలిపే రాపిడి మందులు. ఒకప్పుడు అమెరికాలో ఈ పనికి స్పెర్మ్ తిమింగలాల నూనె వాడేవారు. వేడికి తట్టుకుని, లోహాన్ని అంటిపెట్టుకునే గుణం దానికి బాగా ఉండేది. ఆ జాతి అంతరించిపోయే జాబితాలోకి చేరి 1970ల మొదట్లో ఆ నూనె వాడకం అక్కడ ఆగిపోయాక, రసాయన శాస్త్రవేత్తలు బదులు పదార్థాల కోసం చాలా కష్టపడాల్సి వచ్చింది. గేర్లు మెత్తగా మారడం కోసం సముద్రంలో అంత పెద్ద ప్రాణుల్ని చంపారన్న సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇప్పుడు నువ్వు కొనే సీసాలో ఆ తిమింగలాల నూనె ఉండదు.

డిప్‌స్టిక్ చేతిలో ఉండగానే రంగూ వాసనా కూడా చూడు. ఓ చుక్క తెల్లకాగితం మీద వెయ్యి. కొత్త ఆయిలు ఎర్రగా, అవతలి వైపు కనపడేట్టు ఉంటుంది. ఆ ఎరుపు దాని సొంత రంగు కాదు. కారు కింద కారితే ఇంజన్ ఆయిలు కాదని గుర్తుపట్టడానికి కలిపిన రంగు. వాడగా వాడగా గోధుమ రంగు తిరగడం మామూలే, ఒక్క రంగు చూసి కంగారు పడకు. నల్లబడి మాడు వాసన కొట్టిందంటే లోపల క్లచ్ పూత కాలుతోందని. వేళ్ల మధ్య రాసినప్పుడు మెరిసే లోహపు రజను కనిపించినా మంచిది కాదు. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయిలు పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. అందుకే జారే గేరుబాక్సు ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కింది ఇంకా జారుతుంది. ఆ వలయం మొదట్లోనే తెంపాలి.

అన్నిటికన్నా భయపడాల్సిన రంగు ఒకటుంది. ఎరుపు తెల్లబారి, చిక్కటి గులాబీ రంగులో, అవతల ఏమీ కనపడకుండా ఉంటే ఆయిల్లో నీరు చేరింది. గేరుబాక్సు ఆయిలు చల్లబడే గొట్టం చాలా కార్లలో రేడియేటర్ లోపలే ఉంటుంది. అది తుప్పుపట్టి చిల్లుపడితే కూలెంటూ ఆయిలూ కలిసిపోతాయి. క్లచ్ బిళ్లల పూత కాగితపు పీచు అని చెప్పాను కదా, అది నీరు తాగి, అతికించిన జిగురు వదిలి ఊడిపోతుంది. అలా కనపడితే కారు ఒక్క మైలు కూడా నడపొద్దు. ఇంజను ఆపి టోయింగ్ వాళ్లని పిలువు.

“మా రూమ్మేట్‌ది హోండా. దానికీ ఇలాగే చూడనా?”

చూడకు. పాత హోండా ఆటోమేటిక్కులు చాలావాటికి వేడెక్కాక ఇంజను ఆపేసి, 60 నుంచి 90 సెకన్ల మధ్యలో చూడాలి. భౌతిక శాస్త్రం అదే, కానీ వాళ్ల గీతలు ఆ పరిస్థితికి గీసినవి. పాత క్రైస్లర్, డాడ్జ్ బండ్లు కొన్నిటికి పీ లో కాక ఎన్ లో ఉంచి చూడాలి. వాటిలో పీ లో ఉన్నప్పుడు కన్వర్టరుకి ఆయిలు వెళ్లదు. అందుకే ఏ బండికైనా ముందు మాన్యువల్ తెరవమంటాను. అసలు డిప్‌స్టిక్కే లేని కార్లుంటాయి. వాటికి లిఫ్టు మీద సమంగా ఎత్తి, ఆయిలు 40 డిగ్రీల దగ్గర ఉండగా కింద ఉన్న మట్టం బోల్టు విప్పి, సన్నగా కారడం ఆగేదాకా చూస్తారు. వేడి కొలవడానికి స్కానర్ కావాలి. అది ఇంటి పని కాదు. అయితే అలాంటి గేరుబాక్సుల ఆయిలు జీవితాంతం ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. గేరుబాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్ఎఫ్ కూడా 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకి, లేదా ఎనిమిదేళ్లకి మార్చమనే చెబుతుంది.

ఇక్కడ మీ నాన్న సెలెరియోకి ఇవేమీ అక్కర్లేదు. 2014లో వచ్చిన ఆ ఏఎంటీ రకంలో టార్క్ కన్వర్టరే ఉండదు. మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్చే. మన కాలూ చెయ్యీ చేసే పని యంత్రం చేస్తుంది. సీవీటీ అనే మరో రకం ఆటోమేటిక్ కార్లలో ఉక్కు బెల్టు ఉంటుంది, దాని ఆయిలు వేరే. నీ ఎర్ర సీసా అందులో పోస్తే బెల్టు జారిపోతుంది.

చివరగా, మట్టం తగ్గినప్పుడు పోసేసి ఊరుకోవద్దు. ఇంజను కొంచెం ఆయిలు కాల్చుకుంటుంది, తగ్గడం సహజం. గేరుబాక్సు కాల్చేది ఏమీ లేదు. అక్కడ తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే. రాత్రి కారు కింద ఓ పెద్ద అట్టముక్క పరిచి ఉంచు, ముందు చక్రాల గుర్తులు దాని మీద పెన్నుతో గియ్యి. పొద్దున్నే మరక చూడు. ఎర్రగా జిడ్డుగా ఉంటే ఇదే ఆయిలు. గులాబీ రంగున్నా నీళ్లలా పారేది కూలెంటు. అది విషం, కుక్కలూ పిల్లులూ నాకకుండా కడిగెయ్యి. మరక చక్రం దగ్గర ఉంటే యాక్సిల్ సీలు, రేడియేటర్ కింద ఉంటే కూలర్ గొట్టం అతుకు, మధ్యలో ఉంటే తొట్టి రబ్బరు. ఇవి చాలావరకు చిన్న రిపేర్లే. గేరుబాక్సు మొత్తం మార్చాలనో, ఆయిలంతా మెషిన్ పెట్టి కడగాలనో అంటే వెంటనే ఒప్పుకోకు. ఎంత తగ్గింది, ఎన్ని మైళ్లలో తగ్గింది రాసిన కాగితమూ, ఆ అట్టముక్కా మెకానిక్ ముందు పెట్టి, ముందు కారే చోటు చూపించమని అడుగు.